నాలుగున్నర స్కాలర్‌షిప్పులు, పది మంది ఆటగాళ్లు

(అమెరికా కాలేజీల క్రీడా స్కాలర్‌షిప్పుల గురించి విద్యార్థులు, తల్లిదండ్రుల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు వరసల్లో పిల్లల భుజాన రాకెట్ బ్యాగులు కనిపిస్తున్నాయి. సగానికి సగం బ్యాడ్మింటన్‌వే. అందుకని చేదు మాట ముందే చెప్పేస్తాను. అమెరికా కాలేజీల్లో బ్యాడ్మింటన్‌కి ఈ డబ్బు లేదు. అక్కడ కాలేజీ ఆటల్ని నడిపే పెద్ద సంస్థ ఎన్‌సీఏఏ. దాని ఛాంపియన్‌షిప్ ఆటల పట్టికలో బ్యాడ్మింటన్ లేదు, క్రికెట్ లేదు, కబడ్డీ లేదు, టేబుల్ టెన్నిస్ లేదు. హాకీ ఉంది, కానీ ఆడపిల్లలకే. స్క్వాష్ వేరే సంఘం కింద నడుస్తుంది. దాన్ని బాగా ఆడే కాలేజీల్లో చాలావరకు ఆట పేరిట పైసా ఇవ్వనివే. షూటింగ్‌లో రైఫిల్ ఉంది, పిస్టల్ లేదు. ఆ రైఫిల్ కూడా పట్టుమని కొన్ని పదుల కాలేజీల్లోనే. చదరంగం దారి పూర్తిగా వేరు. టెక్సస్ యూనివర్సిటీ డల్లాస్, టెక్సస్ టెక్ లాంటివి ఎన్‌సీఏఏతో సంబంధం లేకుండా సొంత డబ్బుతో చెస్ స్కాలర్‌షిప్పులు ఇస్తాయి. చెస్ పిల్లలెవరైనా ఉంటే నేరుగా ఆ యూనివర్సిటీల చెస్ ప్రోగ్రామ్‌కే రాయండి. ఇవాళ్టి లెక్కలు వాళ్లకి వర్తించవు.

ఇక మనకి మిగిలేవి టెన్నిస్, ఈత, అథ్లెటిక్స్, గోల్ఫ్, బాస్కెట్‌బాల్, వాలీబాల్, ఫెన్సింగ్. మన దేశం నుంచి వెళ్లి అక్కడ పేరు తెచ్చుకున్నవాళ్లని చూసినా ఇదే కనిపిస్తుంది. సోమ్‌దేవ్ దేవ్‌వర్మన్ వర్జీనియా యూనివర్సిటీ తరఫున 2007, 2008ల్లో వరసగా ఎన్‌సీఏఏ సింగిల్స్ గెలిచాడు. వికాస్ గౌడ నార్త్ కరొలినా తరఫున 2006లో డిస్కస్ గెలిచాడు. తేజస్విన్ శంకర్ కాన్సస్ స్టేట్ తరఫున 2018లో, మళ్లీ 2022లో హైజంప్ గెలిచాడు. మన విశాఖ ఆటగాడు సాకేత్ మైనేని అలబామా యూనివర్సిటీకి టెన్నిస్ ఆడాడు.

మన దగ్గర స్పోర్ట్స్ కోటా అంటే సర్టిఫికెట్ చూపించి సీటు తెచ్చుకోవడం. మెడల్ ఏ స్థాయిదో చూస్తారు, పాయింట్లు వేస్తారు, జాబితా పెడతారు. అమెరికాది ఆ పద్ధతి కాదు. అక్కడ దరఖాస్తు ఫారం ఉండదు, మెరిట్ లిస్టు ఉండదు, ‘అర్హులందరికీ’ అనే మాటే ఉండదు. ఒక కోచ్, ఆయన చేతిలో ఏటా కొంత డబ్బు, ఆయన జట్టులో కొన్ని ఖాళీలు. ఆ ఖాళీలో మీ పిల్లవాడు సరిపోతే డబ్బు వస్తుంది, లేకపోతే రాదు. ఇది పిల్లవాడి ప్రతిభకి బహుమతి కాదు, ఆ జట్టు అవసరానికి ఆ కోచ్ పెట్టే ఖర్చు. ఇక్కణ్నుంచి నేను చెప్పే ప్రతి లెక్కా దీని మీదే నడుస్తుంది.

ముందు డబ్బు ఎక్కడ ఉందో చూద్దాం. ఎన్‌సీఏఏలో మూడు అంతస్తులు. డివిజన్ 1లో 350కి పైగా కాలేజీలు, డివిజన్ 2లో 300 వరకు, డివిజన్ 3లో 400కి పైగా. డివిజన్ 3లో ఆట పేరిట స్కాలర్‌షిప్ ఇవ్వడం నిషేధం. ఎంఐటీ, షికాగో యూనివర్సిటీ, కార్నెగీ మెలన్, ఎమరీ అన్నీ డివిజన్ 3లోవే. హార్వర్డ్, ప్రిన్స్‌టన్ లాంటి ఐవీ లీగ్ కాలేజీలు డివిజన్ 1లోనే ఆడతాయి గానీ వాళ్లలో వాళ్లకున్న ఒప్పందం ప్రకారం ఆట స్కాలర్‌షిప్పులు ఇవ్వవు. ఎవరైనా ‘మా అబ్బాయికి హార్వర్డ్‌లో స్పోర్ట్స్ స్కాలర్‌షిప్ వచ్చింది’ అంటే నవ్వి ఊరుకోండి. అయితే అక్కడ ఆట పనికిరాదని కాదు. కోచ్ అడ్మిషన్ ఆఫీసుకి తన జాబితా ఇస్తాడు, ఆ జాబితాలో పేరుంటే సీటు దగ్గర బలం వస్తుంది. డబ్బు మాత్రం కుటుంబ ఆదాయాన్ని బట్టి వస్తుంది. ఎన్‌సీఏఏ బయట ఎన్‌ఏఐఏ అని ఇంకో సంస్థ ఉంది, ఎక్కువగా చిన్న ప్రైవేటు కాలేజీలు. రెండేళ్ల జూనియర్ కాలేజీలకి ఎన్‌జేసీఏఏ ఉంది. ఈ రెండు చోట్లా ఆట డబ్బు ఉంటుంది. మనవాళ్లు వీటి పేరు వినగానే మొహం తిప్పుకుంటారు. తొందరపడకండి, లెక్క వేశాక మాట్లాడుకుందాం.

ఇప్పుడు ఈ ప్రసంగానికి పెట్టిన పేరు సంగతి. డివిజన్ 1లో మగపిల్లల టెన్నిస్ జట్టుకి ఏళ్ల తరబడి ఉన్న పరిమితి నాలుగున్నర స్కాలర్‌షిప్పులు. జట్టులో ఎనిమిది నుంచి పది మంది. నాలుగున్నరని కోచ్ ఎలాగైనా పంచుకోవచ్చు: ఇద్దరికి పూర్తిగా, ఇద్దరికి ముప్పాతిక, మరో ఇద్దరికి సగం, మిగిలినవాళ్లకి సున్నా. గోల్ఫ్‌కీ అబ్బాయిలకి నాలుగున్నరే. ఈతకి 9.9. అథ్లెటిక్స్, క్రాస్‌కంట్రీ కలిపి 12.6. స్ప్రింటర్లు, జంపర్లు, త్రోయర్లు, దూరం పరుగెత్తేవాళ్లు అందరూ ఆ పన్నెండున్నరలోనే సర్దుకోవాలి. కాబట్టి ‘ఫుల్ రైడ్’ అని సినిమాల్లో వినే పూర్తి స్కాలర్‌షిప్ ఈ ఆటల్లో అబ్బాయిలకి అరుదు. అదే ఆడపిల్లల టెన్నిస్‌కి ఎనిమిది, వాలీబాల్‌కి పన్నెండు, ఆ రెండింట్లోనూ ఇస్తే పూర్తిగానే ఇవ్వాలన్న నియమం ఉండేది. ఎందుకీ తేడా? అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఒక్కటే 85 మంది మగపిల్లలకి స్కాలర్‌షిప్పులు తినేస్తుంది. ఆడా మగా మధ్య వివక్ష ఉండకూడదని 1972లో వచ్చిన టైటిల్ నైన్ చట్టం ప్రకారం ఆ బరువుని ఇంకోవైపు తూచాలి, అందుకని ఆడపిల్లల జట్లకి ఎక్కువ కేటాయించారు. ఒకే స్థాయి ఆట ఆడే అన్నాచెల్లెళ్లలో చెల్లికే ఎక్కువ డబ్బు రావడానికి కారణం ఇదీ.

‘ఉండేది’ అన్నాను, గమనించారా? 2025 జూన్‌లో హౌస్ కేసు (ఆటగాళ్లకి డబ్బు చెల్లించే విషయంలో ఎన్‌సీఏఏ మీద వేసిన దావా) ఒప్పందానికి కోర్టు ఆమోదం వచ్చింది, జూలై 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ ఒప్పందంలో చేరిన కాలేజీలకి స్కాలర్‌షిప్ పరిమితి పోయి, జట్టులో ఎంతమంది ఉండాలన్న పరిమితి వచ్చింది. టెన్నిస్‌కి 10, గోల్ఫ్‌కి 9, ఈతకి 30, ఫుట్‌బాల్‌కి 105. కాగితం మీద చూస్తే పండగే, పది మందికీ పూర్తి స్కాలర్‌షిప్ ఇవ్వొచ్చు. ఇవ్వొచ్చని రూలు అంది, ఇస్తారని అనలేదు. అదే ఒప్పందం కింద ఒక్కో కాలేజీ తన ఆటగాళ్లకి నేరుగా ఏటా రెండు కోట్ల డాలర్ల పైచిలుకు దాకా పంచొచ్చు. ఆ డబ్బు ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ వైపే పోతుంది. ఆ రెండూ సంపాదించే ఆటలు, టెన్నిస్, ఈత ఖర్చు పెట్టించే ఆటలు. పైగా పూర్తిగానే ఇవ్వాలన్న నియమం అక్కడ పోయింది కాబట్టి ఆడపిల్లల స్కాలర్‌షిప్ కూడా ముక్కలు చేయొచ్చు. ఒప్పందంలో చేరని డివిజన్ 1 కాలేజీలు పాత లెక్కలోనే ఉన్నాయి. డివిజన్ 2కి వేరే లెక్క: టెన్నిస్‌కి అబ్బాయిలకి 4.5, అమ్మాయిలకి 6. అందుకని కోచ్‌తో మాట్లాడేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న: ‘మీ కాలేజీ ఒప్పందంలో చేరిందా? నేను వచ్చే ఏడాదికి మీ జట్టుకి ఎన్ని స్కాలర్‌షిప్పులకి నిధులు ఉన్నాయి?’ నియమం అనుమతించే సంఖ్యకీ, కాలేజీ నిజంగా డబ్బు కట్టే సంఖ్యకీ మధ్య చాలా తేడా ఉంటుంది. నాలుగున్నర అనుమతి ఉండి రెండుకే నిధులున్న జట్లు బోలెడు.

సరే, ఆఫర్ వచ్చిందనుకోండి. రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూద్దాం. ఇవి ఉదాహరణకి నేను వేసిన అంకెలు. మొదటి కాలేజీ పేరున్న ప్రైవేటు యూనివర్సిటీ. ఫీజు, హాస్టల్, తిండి, పుస్తకాలు అన్నీ కలిపి ఏడాదికి 80,000 డాలర్లు. యాభై శాతం స్కాలర్‌షిప్. రెండోది ఎవరూ పేరు వినని డివిజన్ 2 ప్రభుత్వ కాలేజీ, మొత్తం 32,000. నలభై శాతం. ‘యాభై ఎక్కువ కదా’ అని మొదటి దానికి సై అంటారు. మొదటిచోట మీరు కట్టేది 40,000 డాలర్లు. డాలరు 90 రూపాయల చొప్పున వేస్తే 36 లక్షలు. రెండోచోట 19,200 డాలర్లు, అంటే 17 లక్షల 28 వేలు. ఏడాదికి. నాలుగేళ్లకి తేడా దాదాపు 75 లక్షలు. శాతం మీద కన్ను వేయకండి. ‘అన్నీ పోను మేం ఏటా కట్టాల్సింది ఎంత’ అన్న ఒక్క అంకె కాగితం మీద తెప్పించుకోండి. ఆ అంకెలో ఆరోగ్య బీమా ఉందో లేదో అడగండి, విదేశీ విద్యార్థులకి అది ఏటా వేల డాలర్లలో ఉండే ఖర్చు. వేసవి క్లాసులు, క్రిస్మస్ సెలవుల్లో హాస్టల్ మూసేసినప్పుడు ఉండే ఖర్చు, విమానం టికెట్లు మామూలుగా అందులో ఉండవు.

ఇంకో సంగతి. శాతం అన్నప్పుడు దేనిలో శాతమో అడగాలి. ట్యూషన్‌లో యాభై శాతం వేరు, మొత్తం ఖర్చులో యాభై శాతం వేరు. కోచ్ మోసం చేయాలని అలా అనడు, ఆయనకి అలవాటైన భాష అది.

మార్కుల సంగతి ఇక్కడే చెప్పాలి. చాలా కాలేజీల్లో చదువు మీద ఇచ్చే మెరిట్ స్కాలర్‌షిప్ వేరే జేబులోంచి వస్తుంది, దాన్ని ఆట డబ్బుతో కలపొచ్చు. డివిజన్ 1లో 2020 నుంచి చదువు డబ్బుని జట్టు పరిమితిలో లెక్కపెట్టడం లేదు. కోచ్ కళ్లతో చూడండి. ఇద్దరు పిల్లలు, ఒకే స్థాయి ఆట. ఒకరికి మార్కుల మీద కాలేజీయే 12,000 డాలర్లు ఇస్తోంది, ఇంకొకరికి సున్నా. మొదటి పిల్ల కోచ్ బడ్జెట్‌కి 12,000 తక్కువకి వస్తోంది. ఆయన ఎవర్ని తీసుకుంటాడు? ‘ఆట ఉంది కదా, చదువు కొంచెం అటూ ఇటూ అయినా పర్లేదు’ అనేది ఈ వ్యవహారంలో అన్నిటికంటే ఖరీదైన పొరపాటు.

ఇక అర్హత. ఆట ఎంత బాగున్నా ఎన్‌సీఏఏ ఎలిజిబిలిటీ సెంటర్ ‘సరే’ అననిదే కోర్టులో అడుగు పెట్టనివ్వరు. డివిజన్ 1కి తొమ్మిదో తరగతి నుంచి పన్నెండు దాకా నాలుగేళ్లలో 16 కోర్ సబ్జెక్టులు ఉండాలి: ఇంగ్లిష్ 4, గణితం 3, సైన్స్ 2, ఈ మూడింటిలో ఏదైనా ఇంకొకటి, సోషల్ 2, మరో నాలుగు అదనంగా. కోర్ సబ్జెక్టుల్లో జీపీఏ (నాలుగుకి వేసే సగటు గ్రేడు) డివిజన్ 1కి 2.3, డివిజన్ 2కి 2.2. ఎస్‌ఏటీ (అక్కడి కాలేజీ ప్రవేశ పరీక్ష) స్కోరు అవసరాన్ని ఎన్‌సీఏఏ 2023లో తీసేసింది. కాలేజీ అడ్మిషన్‌కి అడగొచ్చు, అది వేరే లెక్క. ఎంఐటీ అడుగుతుంది, జార్జియా టెక్ అడుగుతుంది.

ఈ పదహారుని మన ఇంటర్మీడియట్ మీద పెట్టి చూస్తే ఆసక్తిగా ఉంటుంది. ఎంపీసీ పిల్లవాడు తొమ్మిది, పదిలో ఏటా ఇంగ్లిష్, లెక్కలు, సైన్స్, సోషల్ చదివాడు: ఎనిమిది. ఇంటర్ రెండేళ్లలో ఇంగ్లిష్, లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ: ఇంకో ఎనిమిది. సరిగ్గా పదహారు. ఇంటర్లో సోషల్ లేకపోయినా తొమ్మిది, పదిలోవే రెండూ వచ్చేశాయి. ఇప్పుడు బైపీసీ పిల్లని చూడండి. గణితం తొమ్మిది, పదితో ఆగిపోయింది, రెండే. డివిజన్ 1కి మూడు కావాలి. డివిజన్ 2కి రెండు చాలు. సీఈసీకీ ఇదే చిక్కు, ఎంఈసీకి లేదు. కాబట్టి గ్రూపు ఎంచుకునే రోజునే, అంటే పదో తరగతి ఫలితాల వారంలోనే, ఈ మూడో గణితం ఎక్కణ్నుంచి వస్తుందో తేల్చుకోవాలి. పన్నెండయ్యాక తెలిస్తే చేయగలిగింది తక్కువ.

తొమ్మిదో తరగతి మార్కుల జాబితా జాగ్రత్త. పది మెమో, ఇంటర్ మెమో అందరూ ల్యామినేషన్ చేయించి బీరువాలో పెడతారు. తొమ్మిదో తరగతి ప్రోగ్రెస్ కార్డు మాత్రం పాత పుస్తకాలతో పాటు కాగితాలవాడికి పోతుంది. ఎలిజిబిలిటీ సెంటర్ అడిగేది తొమ్మిది నుంచి నాలుగేళ్లవీ. ఆ స్కూలు ఈలోపు మూతపడిందంటే తిప్పలే. ఇంకొకటి, ప్రాక్టీసు కోసం రెగ్యులర్ కాలేజీ మానేసి దూరవిద్యలో కట్టే పిల్లలు ఉంటారు. దూరవిద్య, ఆన్‌లైన్ కోర్సుల్లో టీచరుకీ విద్యార్థికీ క్రమం తప్పని సంబంధం ఉందా, కోర్సుకి నిర్ణీత కాలం ఉందా అని ఎన్‌సీఏఏ విడిగా చూస్తుంది. చేరకముందే కనుక్కోండి.

కాలం లెక్క ఇంకా కఠినం. టెన్నిస్‌లో పన్నెండో తరగతి ముగియాల్సిన నాటి నుంచి ఆరు నెలల్లోపు కాలేజీలో చేరాలన్నది చాలాకాలంగా ఉన్న నియమం. చాలా ఆటలకి ఏడాది గడువు. ఆ తర్వాత టోర్నమెంట్లు ఆడుతూ గడిపిన ప్రతి ఏడాదికీ కాలేజీలో ఆడగలిగే సీజన్లలో ఒకటి కోత పడుతుంది. మన పిల్లలు ఏప్రిల్‌కి ఇంటర్ అయిపోయి ఆగస్టులో చేరితే చిక్కు లేదు. ‘ఒక ఏడాది ఐటీఎఫ్ టోర్నీలు ఆడి ర్యాంకు పెంచుకుని అప్పుడు వెళ్దాం’ అనే ఆలోచన దగ్గరే దెబ్బ తగులుతుంది. అంతకంటే పెద్ద దెబ్బ ఇంకోటుంది. ఖాళీగా ఎందుకని ఇక్కడే బీటెక్‌లోనో డిగ్రీలోనో చేర్చేస్తారు. ఏ దేశంలోనైనా సరే, కాలేజీలో పూర్తికాలం విద్యార్థిగా చేరిన రోజే గడియారం మొదలవుతుంది. డివిజన్ 1లో ఐదేళ్లలో నాలుగు సీజన్లు అన్న లెక్క అప్పట్నుంచే. పైగా అప్పుడు ఆ పిల్లవాడు కొత్త విద్యార్థి కాదు, ట్రాన్స్‌ఫర్ కింద లెక్క. ఈ వయసు, సీజన్ల నియమాలని మార్చే చర్చ ఎన్‌సీఏఏలో నడుస్తూనే ఉంటుంది. మీరు చేరే ఏడాదికి అమల్లో ఉన్నదాన్ని కాలేజీ కంప్లయన్స్ ఆఫీసు నుంచి మెయిల్ రూపంలో తీసుకోండి. కంప్లయన్స్ ఆఫీసు అంటే కోచ్ కాదు. నియమాలు చూసే వేరే విభాగం, ప్రతి కాలేజీలోనూ ఉంటుంది. నియమాల సంగతిలో కోచ్ నోటి మాట మీద ఆధారపడకూడదు.

ఇక కోచ్ దృష్టిలో పడటం ఎలా? మెడల్స్ జాబితా పంపకండి. ‘స్టేట్ మీట్‌లో గోల్డ్, సౌత్ జోన్ సిల్వర్’ అంటే ఐయోవాలో కూర్చున్న కోచ్‌కి ఏం అర్థమవుతుంది? ఆయనకి కొలత కావాలి. అథ్లెటిక్స్‌లో చూద్దాం. కోచ్ ఉద్యోగం నిలబడేది కాన్ఫరెన్స్ (తమలో తాము పోటీపడే కాలేజీల కూటమి) పోటీల్లో జట్టు తెచ్చే పాయింట్ల మీద. మొదటి స్థానానికి 10, తర్వాత 8, 6, 5, 4, 3, 2, ఎనిమిదో స్థానానికి 1. మీ అమ్మాయి లాంగ్‌జంప్ 5.90 మీటర్లు అనుకోండి. ఆ కాలేజీ ఆడే కాన్ఫరెన్స్‌లో పోయినేడు ఎనిమిదో స్థానం ఎంతకి వచ్చిందో చూడండి, ఫలితాలన్నీ బహిరంగంగానే ఉంటాయి. 5.75కి ఎనిమిదో స్థానం వచ్చిందంటే మీ అమ్మాయి చేరిన రోజు నుంచే పాయింట్లు తెస్తుంది, కోచ్ జేబులో చెయ్యి పెడతాడు. 6.20కి వచ్చిందంటే ఆ కాలేజీ ఇప్పటికి మీది కాదు. ఇంకో మెట్టు కింది కాన్ఫరెన్స్ చూడండి. అయితే ఆ 5.90కి గాలి కొలత ఉండాలి. వెనక గాలి సెకనుకి 2.0 మీటర్లు దాటితే అది లెక్కలోకి రాదు. పరుగుకి చేతి గడియారం టైమింగ్ పనికిరాదు, ఎలక్ట్రానిక్ ఉండాలి. చేతి గడియారంలో వంద మీటర్లు దాదాపు పావు సెకను తక్కువ చూపిస్తుందని ప్రతి కోచ్‌కీ తెలుసు. జిల్లా మీట్‌లో వచ్చిన గొప్ప టైమింగ్‌ని పంపి నవ్వులపాలు కాకండి.

ఈతలో తమాషా ఇంకోటి. మన పిల్లలు పెద్ద పోటీల్లో ఈదేది 50 మీటర్ల కొలనులో. అక్కడి కాలేజీ సీజన్ నడిచేది 25 గజాల కొలనులో. వంద గజాలంటే 91.44 మీటర్లు, పైగా గోడ తన్నే మలుపులు ఎక్కువ. అందుకని వాళ్ల టైమింగ్‌లు మనవాటికంటే చాలా తక్కువ కనిపిస్తాయి. చూసి గుండె జారనక్కర్లేదు. మీటర్లలో వచ్చిన అసలు టైమింగ్ రాసి, పక్కన గజాల్లోకి మార్చినది రాయండి. మార్చినదే అసలు టైమింగ్ అన్నట్టు రాయకండి. మన 400 మీటర్లకి అక్కడ 500 గజాలు జోడీ, 1500కి 1650. టెన్నిస్‌కి యూటీఆర్ రేటింగ్ చూస్తారు, అంటే ఆటగాడి స్థాయిని ఒక్క అంకెలో చెప్పే కొలత. మీరు చేయాల్సిందల్లా ఆ కాలేజీ జట్టులో ఐదు, ఆరు నంబర్లుగా ఆడేవాళ్ల రేటింగ్ చూడటం. మీది వాళ్లకి దగ్గరగా ఉంటే రాయండి. డివిజన్ 1 టెన్నిస్‌లో సగానికి పైగా విదేశీ ఆటగాళ్లే, మీ పోటీ అమెరికా పిల్లలతోనే అనుకోకండి. స్పెయిన్, ఫ్రాన్స్, బ్రెజిల్ వాళ్లూ అదే మెయిల్ పంపుతున్నారు.

మెయిల్ చిన్నగా ఉండాలి. సబ్జెక్ట్ లైన్లోనే కొలత పెట్టండి: ‘2028లో చేరిక, మహిళల టెన్నిస్, యూటీఆర్ 9.1, ఇండియా.’ లోపల పుట్టిన తేదీ, ఎన్నో తరగతి, మార్కులు, వచ్చే ఆరు నెలల్లో ఆడబోయే టోర్నీలు, వీడియో లింకు. వీడియోలో పాటలు పెట్టకండి. వెనక నుంచి కోర్టు మొత్తం కనిపించేలా, పాయింటు మొదటి నుంచి చివరిదాకా, ఓడిన పాయింట్లతో సహా. మెయిల్ పిల్లలే రాయాలి. నాన్నగారి మెయిల్ ఐడీ నుంచి వచ్చిందంటే కోచ్‌కి సందేహం మొదలవుతుంది, ఈ పిల్లవాడు ఇల్లు వదిలి ఉండగలడా అని. జవాబు రాలేదని కుంగిపోవద్దు. డివిజన్ 1లో చాలా ఆటలకి పదో తరగతి అయ్యాక వచ్చే జూన్ 15 దాకా కోచ్ జవాబు ఇవ్వకూడదు, అది నియమం. ఆ తేదీ దాటాక రెండు మూడు సార్లు రాసినా ఉలుకూ పలుకూ లేదంటే అది జవాబే. ఇంకో హెచ్చరిక: ‘మా క్యాంపుకి రండి’ అని వచ్చే మెయిల్ ఆహ్వానం కాదు, ప్రకటన. డబ్బు కట్టించుకునే క్యాంపు అది.

ఏజెన్సీల సంగతి అడుగుతారని తెలుసు. వీడియో తీసి, మెయిల్స్ పంపి, నిర్ణీత ఫీజు తీసుకుంటే తప్పు లేదు. కానీ ‘వచ్చిన స్కాలర్‌షిప్‌లో పది శాతం మాకు’ అన్నారంటే లేచి వచ్చేయండి. కాలేజీలో చేర్చినందుకో, స్కాలర్‌షిప్ మొత్తాన్ని బట్టో ఫీజు తీసుకుంటే ఎన్‌సీఏఏ దృష్టిలో వాళ్లు ఏజెంట్లు అవుతారు, పోయేది మీ పిల్లవాడి అర్హత. టోర్నీల్లో ప్రైజ్ మనీ వచ్చినా ప్రతి రూపాయికీ, అయిన ప్రతి ఖర్చుకీ రసీదులు ఒక ఫైల్లో పెట్టండి. చేరేటప్పుడు అడుగుతారు.

నోటి మాట ఆఫర్‌కి విలువ లేదు. ఇటు మీకూ కట్టుబాటు లేదు, అటు కోచ్‌కీ లేదు. ఇదివరకు నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్ అని, ఫలానా కాలేజీలో చేరతామని సంతకం చేసే పత్రం ఉండేది, 2024 అక్టోబరులో దాన్ని తీసేశారు. ఇప్పుడు ఆధారం ఒక్కటే, ఆర్థిక సహాయ ఒప్పందం. అందులో ఎన్నేళ్లకి అన్నది ముందు చూడండి. చాలావరకు ఒక్క ఏడాదికే ఉంటుంది. పునరుద్ధరిస్తారా లేదా అన్నది ఏటా జూలై 1 లోపు రాతపూర్వకంగా చెప్పాలి. తగ్గిస్తే అప్పీలు హక్కు ఉంది. డివిజన్ 1లో 2024 ఆగస్టు నుంచి గాయమైందనో ఆట పడిపోయిందనో స్కాలర్‌షిప్ తగ్గించకూడదు. కానీ జట్టు నుంచి మీ అంతట మీరు తప్పుకున్నా, మార్కుల్లో అర్హత కోల్పోయినా, పెద్ద క్రమశిక్షణ తప్పు చేసినా ఆపొచ్చు. ఇంకో కాలేజీకి మారాలని ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో పేరు వేయడం కూడా ప్రమాదమే. కోపంలో పేరు ఎక్కించేసి, కొత్త చోటు దొరక్క, పాత డబ్బూ పోగొట్టుకున్నవాళ్లు ఏటా ఉంటారు.

చివరిగా వీసా, పన్ను. ఎఫ్-1 వీసా మీద స్కాలర్‌షిప్ తీసుకోవడం ఉద్యోగం కాదు, ఇబ్బంది లేదు. ఐ-20లో, అంటే వీసా కోసం కాలేజీ పంపే పత్రంలో, కాలేజీ ఇచ్చేది పోను మిగతాదానికి మీ బ్యాంకు లెక్క చూపించాలి. కానీ ప్రకటనల డబ్బు, ఇన్‌స్టాగ్రామ్ ప్రమోషన్లు, ఆ రెండు కోట్ల డాలర్ల పంపకంలో వాటా, వీటి జోలికి అమెరికాలో ఉండగా వెళ్తే ఉద్యోగం చేసినట్టు అయ్యే ప్రమాదం ఉంది. పక్కన ఉన్న అమెరికన్ కుర్రాడు తీసుకుంటున్నాడని మనం తీసుకోకూడదు. పన్ను సంగతి: ట్యూషన్, తప్పనిసరి ఫీజులు, పుస్తకాలకి పోయే భాగానికి పన్ను లేదు. హాస్టల్, భోజనం కింద ఇచ్చే భాగానికి ఉంది. కాలేజీ మామూలుగా 14 శాతం పట్టుకుంటుంది. 12,000 డాలర్ల హాస్టల్ సాయం మీద 1,680 డాలర్లు. అయితే భారత్-అమెరికా పన్ను ఒప్పందం 21వ అధికరణం ప్రకారం మన విద్యార్థులకి స్టాండర్డ్ డిడక్షన్ దొరుకుతుంది. చాలా దేశాల పిల్లలకి లేని వెసులుబాటు ఇది. ఏప్రిల్‌లో రిటర్ను వేస్తే పట్టుకున్నది చాలావరకు వెనక్కి వస్తుంది. వేయకపోతే ఎవరూ తెచ్చి ఇవ్వరు.

ఇప్పుడు మీ ప్రశ్నలు. వెనక నిలబడిన అమ్మ అడుగుతున్నారు, ఆటతో పాటు కంప్యూటర్ సైన్స్ చదవొచ్చా అని. చదవొచ్చు అమ్మా. సీజన్లో ఆటకి వారానికి 20 గంటలు, రోజుకి 4 గంటలకి మించకూడదని నియమం. ప్రయాణాలు దాంట్లోకి రావు. రెండో ఏడాది అయ్యేసరికి డిగ్రీలో 40 శాతం, తర్వాత 60, ఆ తర్వాత 80 శాతం పూర్తవ్వాలి. మేజర్, అంటే డిగ్రీలో ప్రధాన సబ్జెక్టు, మధ్యలో మార్చితే ఈ శాతం కిందికి జారుతుంది. ల్యాబులు మధ్యాహ్నం ఉండే కోర్సులకీ ప్రాక్టీసుకీ కొట్లాట వస్తుంది. మీ జట్టులో ఇప్పుడు ఇంజినీరింగ్ చదివేవాళ్లు ఎంతమంది అని కోచ్‌ని అడగండి. ఒక్కరూ లేకపోతే కారణం ఉంటుంది. సెమిస్టరుకి 12 క్రెడిట్ల కిందికి మాత్రం పోకూడదు. పోతే ఆట అర్హతా పోతుంది, వీసాకీ ముప్పే.

ఆ మూల నుంచి, చెప్పండి నాన్నా... జూనియర్ కాలేజీకి వెళ్లి తర్వాత మారొచ్చా? మారొచ్చు. ఎన్‌జేసీఏఏలోనూ మూడు డివిజన్లు ఉన్నాయి. మొదటిదాంట్లో హాస్టల్, భోజనంతో సహా ఇవ్వొచ్చు, రెండోదాంట్లో ట్యూషన్, ఫీజులు, పుస్తకాల వరకే, మూడోదాంట్లో ఏమీ లేదు. అక్కడ తీసుకున్న క్రెడిట్లు తర్వాత వెళ్లే కాలేజీలో, నువ్వు చదవాలనుకున్న మేజర్‌లో చెల్లుతాయో లేదో మొదటి సెమిస్టరుకి పేరు కట్టకముందే చూసుకో. పీఈ కోర్సులతో క్రెడిట్లు నింపి, మూడో ఏడాది ఇంజినీరింగ్‌కి వెళ్తే అందులో సగం ఎలెక్టివ్‌ల కింద పోతాయి, నలభై శాతం లెక్క అక్కడే తప్పుతుంది. కాలిక్యులస్, ఫిజిక్స్ ఆ రెండేళ్లలోనే పూర్తి చేసుకో.